గోంగూర మటన్ పక్కన ఏ వైన్ పెట్టాలి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. మీది గుంటూరు. చెల్లెలి రిసెప్షన్ విజయవాడలో, గన్నవరం రోడ్డులోని ఒక కన్వెన్షన్ హాలు లాన్‌లో, మే నెలలో, రాత్రి పూట. పిలుపులు 350 మందికి. పెళ్లికొడుకు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి అతని స్నేహితులు, బెంగళూరు ఆఫీసు వాళ్లు, మన చుట్టాల్లో కొందరు కలిపి ఓ 70 మంది తాగేవాళ్లుంటారు. విస్కీ వద్దే వద్దు, వైన్ ఒక్కటే పెడదాం అని చెల్లెలు పట్టుబట్టింది. వంట మాత్రం పూర్తిగా మన వంటే. వైన్‌కు 30 వేలు దాటకూడదు. "మంచి రెడ్ వైన్ ఏదైనా చెప్పండి" అని అడిగారు.

రెడ్ వైన్ చెప్పను. పూర్తిగా మానేయమనడం లేదు, ఆరు సీసాలు పెడదాం. మీ డబ్బులో ఎక్కువ భాగం మాత్రం తెల్ల వైన్‌కు పోవాలి. అదీ నాలుకకు కాస్త తీపి తగిలేది, పులుపు బాగా ఉన్నది. అది మెడ దాకా ఐసులో మునిగి ఉండాలి. మే నెల విజయవాడలో సీసా మీద లేబుల్ కన్నా సీసా చుట్టూ ఉన్న ఐసే ఎక్కువ పని చేస్తుంది. నేను 22 ఏళ్లుగా బాంక్వెట్ పనిలో ఉన్నాను. హైదరాబాదులో స్టీవార్డుగా మొదలుపెట్టి, నాలుగేళ్లు ఓడల మీద బార్‌లో చేసి, ఆ తర్వాతదంతా ఇక్కడే, కృష్ణకు అటూ ఇటూ. ఓడ మీద నేర్చుకున్నదాంట్లో సగం ఇక్కడ పనికిరాలేదు. అదెలా తెలిసిందో చెప్తాను.

నేను మొదటిసారి వైన్ పెట్టిన రిసెప్షన్ తెనాలి దగ్గర ఒక మామిడితోటలో. ఇలాగే మే నెల. పెళ్లికూతురి అన్నయ్య అమెరికా నుంచి వచ్చాడు, షిరాజ్ అనే ఖరీదైన రెడ్ వైన్ రెండు కేసులు తెప్పించాడు. నేను ఓడ మీద లాగే తెల్లగుడ్డ పరిచి, సీసాలు వరసగా నిలబెట్టి, చాలా గొప్పగా ఉందనుకున్నాను. రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో ఇవ్వాలన్నది నేను చదువుకున్న పాఠం. ఆ రూము యూరప్‌లో చలిదేశపు రూమని, అక్కడ 16, 18 డిగ్రీలు ఉంటుందని, మన తెనాలి తోటలో రాత్రి ఎనిమిదికి కూడా ఒళ్లంతా చెమటేనని నా బుర్రకు తట్టలేదు. పెళ్లికొడుకు మేనమామ, తెల్ల లాల్చీ, భుజం మీద కండువా, గోంగూర మటన్ ముక్క నోట్లో పెట్టుకుని దాని మీద ఒక గుక్క తాగాడు. మింగలేదు, ఉమ్మలేదు, కాసేపు నా వైపు అలాగే చూశాడు. మింగాక అన్నాడు: "ఏవయ్యా, నిప్పు మీద కిరసనాయిలు పోసినట్టుంది." మిగతాది పక్కనున్న మల్లె కుండీలో ఒంపేశాడు. రాత్రి పదకొండింటికి సామాను సర్దుతుంటే తోటలో ఉన్న కుండీలన్నిట్లో మట్టి ఎర్రగా ఉంది.

ఆయన మాటలో అతిశయోక్తి ఏమీ లేదని తర్వాత తెలిసింది. మిరపలో కారం పుట్టించే క్యాప్సైసిన్ పనిచేసేది తీపి, పులుపు తెలిసే చోట కాదు, వేడిని పసిగట్టే నరాల మీద. మామూలుగా 42, 43 డిగ్రీల వేడి తగిలితే "కాలింది" అని చెప్పే నరాలవి. ఆల్కహాల్ కూడా వాటినే కదిలిస్తుంది, ఆ హద్దును 34 దాకా దించేస్తుంది. అంటే మన నోటి వేడే మనకు కాలుతున్నట్టు అనిపిస్తుంది. షిరాజ్‌లో ఆల్కహాల్ 13 నుంచి 14 శాతం దాకా ఉంటుంది. దానికి తోడు ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వచ్చే టానిన్ ఒకటి. పచ్చి అరటికాయ కొరికితే, వక్క నమిలితే నోరు పట్టేస్తుంది చూడండి, అదే వగరు. కారం, వగరు, వెచ్చటి ఆల్కహాల్ మూడూ ఒకేసారి నాలుక మీద పడితే పెద్దమనిషి కిరసనాయిలు అనక ఏమంటాడు?

మిర్చి యార్డు ఊళ్లో పెరిగినవాళ్లకు కారం గురించి నేను చెప్పేదేముంది. మీ వంట మాస్టరు తేజ మిరప వాడితే కారం ఇంకో మెట్టు పైకి పోతుంది. వైన్ కోసం కారం తగ్గించమని మాత్రం ఆయనకు చెప్పకండి. ఒకసారి నేను చెప్పి చూశాను. గరిటె కింద పెట్టి "అయితే మీరే వండుకోండి" అన్నాడు. కూర జోలికి పోకుండా వైన్‌నే మార్చుకోవడం సుఖం.

కారాన్ని లొంగదీసేవి చల్లదనం, తీపి. కారం తిన్నాక మనం మజ్జిగ తాగడం, చివర్లో ఓ ముక్క బెల్లం నోట్లో వేసుకోవడం ఎందుకో ఆలోచించండి. ఇక గోంగూరకు, చింతపండు పులుసుకు పులుపున్న వైన్ కావాలి. తిండిలో పులుపు వైన్ కన్నా ఎక్కువైతే వైన్ చప్పగా, నీళ్లు కలిపినట్టు తోస్తుంది. కాబట్టి మనకు కావాల్సింది పులుపు, కొంచెం తీపి ఉండి, వగరు లేకుండా, ఆల్కహాల్ 12 శాతం దరిదాపుల్లో ఉండే వైన్. ఈ లెక్కకు సరిపోయేది, మన దేశంలో చవగ్గా దొరికేది షెనిన్ బ్లాంక్ అనే ద్రాక్షతో చేసిన తెల్ల వైన్.

ఈ ద్రాక్ష పుట్టింది ఫ్రాన్స్‌లో లువార్ నది లోయలో. మన దేశంలో ఎక్కువగా పండేది నాసిక్ వైపు. సులా కంపెనీ వాళ్ల షెనిన్ బ్లాంక్‌లో కొద్దిగా తీపి వదిలేస్తారు, మనకు కావాల్సింది అదే. సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గర తోటలున్న ఫ్రతెల్లి వాళ్లదీ, బెంగళూరు పక్కన నంది హిల్స్ కింద మొదలైన గ్రోవర్ వాళ్లదీ షెనిన్ ఉంటాయి. ఏ కంపెనీదైనా గొడవ లేదు, షాపులో ఏది తాజాగా ఉంటే అది తీసుకోండి. దీని పక్కన సావిన్యాన్ బ్లాంక్ అనే ఇంకో తెల్ల వైన్ ఒక నాలుగు సీసాలు. ఇది తీపి లేని రకం, పచ్చి జామకాయ, కోసిన క్యాప్సికమ్ లాంటి వాసన వస్తుంది. ఆస్ట్రేలియా స్నేహితులు దీన్ని చూడగానే గుర్తుపడతారు. చేపల దగ్గర ఇదే బాగుంటుంది.

ఇప్పుడు చాలామంది తప్పు చేసే చోటు చెప్తాను. ఏ వైన్ ఏ కూరకు అని అడిగేవాళ్లంతా బిర్యానీ గురించి, మటన్ గురించి అడుగుతారు. మన రిసెప్షన్లో మనుషులు వైన్ తాగేది అప్పుడు కాదు. స్టేజీ మీద ఫొటోల క్యూ నడుస్తుంటుంది, కింద కుర్రాళ్లు ట్రేల్లో స్టార్టర్లు తిప్పుతుంటారు. గ్లాసు చేతిలో ఉండేది ఆ గంటా గంటన్నరే. బఫే మూతలు తీశారంటే గ్లాసు ఎక్కడ పెట్టారో కూడా చూసుకోరు, ప్లేటు అందుకుంటారు. కుడిచేత్తో అన్నం కలుపుకునేవాడు ఎడమచేత్తో ప్లేటు పట్టుకోవాలి. వైన్ గ్లాసుకు మూడో చెయ్యి ఎక్కడినుంచి వస్తుంది? అందుకని మెనూలో మొదటి పేజీ చూసి వైన్ కొనండి.

మీ స్టార్టర్ల లిస్టు చూశాను: మిరపకాయ బజ్జీ, కరివేపాకు కోడి, అపోలో ఫిష్, రొయ్యల వేపుడు, మొక్కజొన్న వడ, పనీర్ 65. ఇవన్నీ నూనెలో వేగినవి, మూడు గట్టి కారం. వేపుడు మీద పులుపున్న చల్లటి వైన్ నిమ్మకాయ పిండినట్టు పనిచేస్తుంది, నోట్లో నూనె జిడ్డు కోసుకుపోతుంది. రొయ్యల వేపుడు, షెనిన్ జోడీ అయితే నేను ఎవరి ముందైనా పెట్టగలను. రొయ్యలో సహజంగా కాస్త తీపి ఉంది, వైన్‌లో కాస్త తీపి ఉంది, మధ్యలో కారం, కరివేపాకు. అపోలో ఫిష్‌కు సావిన్యాన్. మిరపకాయ బజ్జీ వాముతో, చింతపండు గుజ్జుతో చేసిన మన బజ్జీ అయితే షెనిన్ ఒక్కటే నిలబడుతుంది, మిగతావన్నీ చేతులెత్తేస్తాయి. పైన ఉల్లిపాయ ముక్కలు వేసి నిమ్మకాయ పిండితే ఇంకా మంచిది. పనీర్‌కూ మొక్కజొన్న వడకూ పెద్దగా ఆలోచించక్కర్లేదు, ఏదైనా నడుస్తుంది.

రోజే అని గులాబీ రంగు వైన్ ఒకటుంది. జిన్‌ఫాండెల్ ద్రాక్షతో చేసింది మన దగ్గర ఎక్కువ కనిపిస్తుంది. నాలుగు సీసాలు పెట్టండి. రంగు చూసి ఫొటోల కోసం పట్టుకునేవాళ్లు కొందరు, "రెడ్ కావాలి కానీ వగరు వద్దు" అనేవాళ్లు కొందరు. కరివేపాకు కోడితో నిజంగానే బాగుంటుంది.

రెడ్ ఆరు సీసాలు అన్నాను కదా. అవి ముందే తెరవకండి, బిర్యానీ దగ్గరకొచ్చాక కూడా గ్లాసు వదలని పది పదిహేను మంది ఉంటారు, వాళ్లకి. బిర్యానీలో మసాలా ఎక్కువ, పచ్చి కారం తక్కువ, నెయ్యి ఉంటుంది కాబట్టి రెడ్ బతుకుతుంది. క్యాబర్నే, షిరాజ్ ద్రాక్షలు కలిపి చేసినవి మన కంపెనీల్లో చాలావాటికి ఉంటాయి, అందులో మామూలు రకం చాలు. రిజర్వ్ అని రాసిన ఖరీదైన సీసాల జోలికి పోవద్దు. వాటిని ఓక్ పీపాల్లో ఉంచుతారు, ఆ చెక్క వగరు మన మసాలాతో కలిస్తే చేదు తిరుగుతుంది. ఉలవచారు పెడుతున్నారన్నారు. మీగడ వేసిన ఉలవచారు, బిర్యానీ, పక్కన చల్లబరిచిన మెత్తటి రెడ్, ఇది నా సొంత ఇష్టం, అందరికీ నచ్చుతుందని పూచీ ఇవ్వను. నాటుకోడి పులుసుకు రెడ్ వద్దు. గోంగూర మటన్‌కు ఏం పెట్టాలో మీకు అర్థమయ్యే ఉంటుంది: అదే షెనిన్, ఇంకా చల్లగా. ఆవకాయకు వైన్ లేదు. పెరుగన్నమే.

స్వీట్లు వచ్చేసరికి కౌంటర్ మూసేయండి. బొబ్బట్టు తిన్న నోటికి ఏ వైన్ అయినా వెనిగరే.

ఆస్ట్రేలియా వైన్ సంగతి. పెళ్లికొడుకు వైపు వాళ్లు "ఇప్పుడు డ్యూటీ తగ్గింది కదా" అంటున్నారని రాశారు. నిజమే, 2022 డిసెంబరు 29న రెండు దేశాల ఒప్పందం అమల్లోకి వచ్చాక, దిగుమతి ధర 5 నుంచి 15 డాలర్ల మధ్య ఉన్న సీసాలకు సుంకం 150 శాతం నుంచి 100కు దిగింది, ఏటా ఇంకా కొంచెం కొంచెం తగ్గుతుంది. కానీ తగ్గాక కూడా ఆ సుంకం తక్కువేం కాదు, దాని మీద మన రాష్ట్రం పన్నులు, షాపు మార్జిన్ వేరే. సీసాకు వెయ్యి పెట్టే చోట, ఆ వెయ్యిలో వైన్ విలువ నాసిక్ సీసాలోనే ఎక్కువ ఉంటుంది. పైగా అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు వాళ్ల ఊరి వైన్ పెట్టడంలో ముచ్చట ఏముంది? ఇక్కడి ద్రాక్షది పెట్టండి, అడిగి మరీ తాగుతారు.

లెక్క. 70 మంది, తలా రెండు గ్లాసులు, 140 గ్లాసులు. సీసా 750 మిల్లీలీటర్లు. గ్లాసుకు 125 పోస్తే సీసాకు ఆరు. 24 సీసాలైతే 144 గ్లాసులు, అంటే సరిగ్గా రెండు కేసులు. నాలుగు తాగేవాడు ఉంటాడు, అర గ్లాసు పట్టుకుని రాత్రంతా తిరిగేవాడూ ఉంటాడు, సరిపోతుంది. పది షెనిన్, నాలుగు సావిన్యాన్, నాలుగు రోజే, ఆరు రెడ్. సగటున సీసా వెయ్యి వేసుకుంటే 24 వేలు. మిగిలిన ఆరు వేలలో ఐసు, గ్లాసుల అద్దె, స్టేజీ మీదకు రెండు స్పార్క్లింగ్ (బుడగలు వచ్చే వైన్) సీసాలు. పర్మిట్ ఫీజు దీనికి అదనం, దాన్ని హాలు ఖర్చులో కలుపుకోండి.

గ్లాసుకు 125 అన్నది కాగితం మీద తేలిక. పోసే కుర్రాడు మన కుర్రాడు. మంచినీళ్లు ఎలా పోస్తాడో వైన్ అలాగే పోస్తాడు, అంచు దాకా. చిన్న గ్లాసు పోస్తే పెళ్లివారు పిసినారులనుకుంటారని వాడి బాధ. నేను చేసే పని ఇది: ఒక గ్లాసులో కొలిచి 125 పోసి, ఆ గీత దగ్గర రబ్బరు బ్యాండు వేసి కౌంటర్ మీద నిలబెడతాను. "బాబూ, ప్రతి గ్లాసూ ఈ రబ్బరు దాకే" అంటే చాలు. వైన్ నిండా పోస్తే సగం తాగేలోపే వేడెక్కిపోతుంది కూడా.

ఇక అసలు సంగతి, ఐసు. తెల్ల వైన్, రోజే 8 నుంచి 10 డిగ్రీల్లో గ్లాసులోకి పడాలి. బయట గాలి వేడికి అది పదిహేను నిమిషాల్లో చల్లదనం పోగొట్టుకుంటుంది, అందుకని సీసా ఇంకా చల్లగా ఉన్నా తప్పులేదు. హాలు వాళ్లు "ఫ్రిజ్ ఉంది సార్" అంటారు. నమ్మకండి. ఆ ఫ్రిజ్‌లో ఐస్‌క్రీము డబ్బాలు, పెరుగు, పూలదండలు ఉంటాయి, నిమిషానికోసారి తలుపు తీస్తుంటారు. ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డ తెప్పించి, గోనెసంచిలో వేసి కొట్టించండి. రెండు పెద్ద ప్లాస్టిక్ టబ్బులు, ఒక్కోదానికి 15 కిలోల ఐసు. ఇక్కడే అందరూ పొరపాటు చేస్తారు, ఉత్త ఐసులో సీసాలు గుచ్చుతారు. ముక్కల మధ్య గాలి ఉంటుంది, సీసాకు ఐసు అక్కడక్కడే తగులుతుంది. ఐసు మునిగేలా నీళ్లు పోయాలి, అందులో రెండు మూడు గుప్పెళ్ల రాళ్ల ఉప్పు వేయాలి. ఉప్పు వేసిన ఐసునీళ్లు సున్నా కన్నా కిందికి పోతాయి, సీసా చుట్టూ ఖాళీ లేకుండా అంటుకుంటాయి. 20, 25 నిమిషాల్లో సీసా చల్లబడుతుంది. చెయ్యి పెట్టి తీస్తే వేళ్లు కొంకర్లు పోవాలి, అది గుర్తు. ఇంకో 20 కిలోలు థర్మకోల్ డబ్బాలో దాచి ఉంచండి, తొమ్మిదింటికి కావాలి. తెల్ల సీసాలు సగం అయ్యాక ఆ చోట్లో రెడ్ సీసాలు పది నిమిషాలు ముంచి తీయండి. రెడ్‌ను ఐసులో పెట్టావేంటని ఎవరైనా తెలిసినవాడు నవ్వితే నవ్వనివ్వండి, ఒక గుక్క తాగాక నవ్వడు.

కొన్ని సీసాలకు కార్కు ఉంటుంది, చాలావాటికి మరమూత ఉంటుంది. మరమూత చవకబారు వైన్ గుర్తేమీ కాదు, మన ఎండలకు అదే మేలు. కార్కు సీసాలు కొంటే మాత్రం ఓపెనర్లు రెండు కొనండి. ఒక రిసెప్షన్లో ఉన్న ఒక్క ఓపెనర్ విరిగితే, మా కుర్రాడు గరిటె కాడతో కార్కును లోపలికి తోసేశాడు. అది చిమ్మి పెళ్లికూతురి మేనత్త పట్టుచీర మీద పడింది. ఆ చీర సంగతి ఆవిడ ఇప్పటికీ అడుగుతుంటారు.

కొనడం, పర్మిట్. మన దగ్గర "వైన్స్" అని బోర్డున్న షాపులో దొరకనిది ఏదైనా ఉందంటే అది వైనే. "అన్నా, వైన్ ఉందా" అంటే "ఏ బ్రాందీ కావాలి" అంటాడు. 2024 అక్టోబరు 16 నుంచి మళ్లీ ప్రైవేటు షాపులు వచ్చాక పెద్ద షాపుల్లో నాలుగైదు రకాల వైన్ పెడుతున్నారు. విజయవాడలో పెద్ద షాపులు రెండు మూడు తిరిగి, కావాల్సినవి కాగితం మీద రాసిచ్చి, పదిహేను రోజుల ముందే చెప్పి తెప్పించుకోండి. ముందు రోజు వెళ్తే మూలనున్న ఆరు సీసాలే దిక్కు. ఆ మూల సీసాల్నే జాగ్రత్తగా చూడాలి. ట్యూబ్‌లైటు కింద, అద్దం వెనక, రెండు ఎండాకాలాలు నిలబడి ఉంటాయి. మూత దగ్గర జిగురు ఉన్నా, కార్కు కాస్త పైకి లేచినా, తెల్ల వైన్ తేనె రంగుకు తిరిగినా తీసుకోవద్దు. మన దేశంలో ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా జరుగుతుంది, లేబుల్ మీద ఉండే సంవత్సరం అదే. తెల్ల వైన్‌కు పోయినేడాదిది మంచిది, అంతకన్నా పాతది వద్దు. "పాతబడితే విలువ" అన్నది ఈ ధర సీసాలకు వర్తించదు. కొన్నాక ఇంట్లో మంచం కింద, నేల మీద పడుకోబెట్టండి. కారు డిక్కీలో ఒక్క మధ్యాహ్నం కూడా ఉంచకండి.

హైదరాబాదులో రకాలు ఎక్కువ, అక్కణ్నుంచి తెద్దామని మీ బావగారు అన్నట్టు రాశారు. వద్దు. వేరే రాష్ట్రం మద్యం కేసులకు కేసులు తేవడం నేరం, గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపితే పెళ్లిపనులు వదిలేసి స్టేషన్లో కూర్చోవాలి. ఇక్కడే కొనండి, బిల్లు దాచండి. కన్వెన్షన్ హాలుకు బార్ లైసెన్సు ఉండదు కాబట్టి ఎక్సైజ్ శాఖ నుంచి ఆ రాత్రికి ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. హాలు మేనేజరు "ఎవరూ రారండీ" అంటారు. వచ్చేది ఎవరో ఒకరి ఫోన్ మీదే వస్తారు, అదీ పెళ్లికొడుకు స్టేజీ మీద ఉన్నప్పుడే. పర్మిట్ కాగితం, షాపు బిల్లు ఒక కవర్లో పెట్టి కౌంటర్ దగ్గర ఉండే మనిషి జేబులో ఉంచండి. హాలు అగ్రిమెంటులో మద్యానికి ఒప్పుకున్నారో లేదో కూడా అడ్వాన్సు ఇచ్చేముందే చూసుకోవాల్సింది. ఇచ్చేశానంటున్నారు కాబట్టి రేపే అడగండి.

కౌంటర్ ఎక్కడ పెట్టాలన్నది మన ఊళ్లో వైన్ రకం కన్నా పెద్ద సమస్య. పెద్దవాళ్ల ముందు తాగరు. తాగే కోడళ్లు, చెల్లెళ్లు అత్తగారి కళ్లబడకుండా తాగాలనుకుంటారు. లాన్ మధ్యలో లైట్లు వేసి పెడితే ఎవరూ రారు, సీసాలన్నీ మిగులుతాయి. మరీ వెనక చీకట్లో పెడితే మందు పార్టీ అయిపోతుంది. స్టేజీకి కనపడకుండా, పక్కగా, చెట్టుకింద నాలుగు కుర్చీలేసి పెట్టండి. ద్రాక్షరసం, రోజ్ మిల్క్ కౌంటర్ దీనికి దూరంగా, ఎదుటి మూలలో ఉండాలి, వేరే ఆకారం గ్లాసుల్లో ఇవ్వాలి. ఒకసారి రెండూ ఒకే బల్ల మీద పెట్టారు, తొమ్మిదేళ్ల పిల్లాడు రెడ్ వైన్ సగం తాగేసి "ఈ జ్యూసు పాడైపోయింది" అని వాళ్లమ్మకు చెప్పాడు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు పోయకూడదు, కుర్రకారు బ్యాచ్ వస్తే పోసే మనిషి మొహమాటపడకూడదు. అందుకే ఆ పనికి చుట్టాల అబ్బాయిని పెట్టొద్దు, బయటి మనిషిని పెట్టండి.

విస్కీ అలవాటున్న మామయ్యలు ఒకరిద్దరు వైన్‌లో సోడా అడుగుతారు. పోయండి. షెనిన్‌లో చల్లటి సోడా కలిపితే మే నెలకు అసలు కన్నా బాగుంటుంది, ఓడ మీద తెల్లవాళ్లే అలా తాగేవాళ్లు. అయితే వాళ్లకు ఒక మాట చెవిలో వేయండి. విస్కీ 42.8 శాతం, ఇది 12 శాతమే కదా అని షర్బత్ తాగినట్టు తాగేస్తారు. సీసా మొత్తం తాగితే మూడు పెద్ద పెగ్గులు దాటిపోతాయి. కౌంటర్ మీద మంచినీళ్ల సీసాలు వైన్ సీసాల కన్నా ఎక్కువ కనపడాలి.

స్టేజీ మీద స్పార్క్లింగ్ రెండు సీసాలు చాలు, దంపతులకు, రెండువైపుల పెద్దల్లో పుచ్చుకునేవాళ్లకు తలా కాస్త. ఊపి చిమ్మించడం మాత్రం వద్దని ఫొటోగ్రాఫర్‌కు ముందే చెప్పండి. ఆ సీసాలో ఒత్తిడి కారు టైరులో కన్నా రెండు మూడు రెట్లు ఉంటుంది, వెచ్చగా ఉంటే మూత తుపాకీ గుండులా పోతుంది. బాగా చల్లబరిచి, మూతను గుడ్డతో పట్టుకుని, మూతను కదపకుండా సీసాను మెల్లగా తిప్పితే నిట్టూర్చినట్టు చప్పుడొస్తుంది. అంతే రావాలి.

రెండు కేసులకు డబ్బు కట్టేముందు ఒక్క పని చేయండి. వచ్చే ఆదివారం ఒక షెనిన్, ఒక సావిన్యాన్, ఒక రెడ్ తెచ్చి, ఉప్పు ఐసునీళ్లలో అరగంట ముంచండి. వంట మాస్టరును పెళ్లికి చేసే కారంతోనే అరకిలో గోంగూర మటన్, కాసిని రొయ్యలు వేయించమనండి. చెల్లెల్ని, బావగారిని, ఇంట్లో వైన్ అంటే ఏంటో తెలియని పెద్దమనిషి ఒకర్ని కూర్చోబెట్టండి. ఆ పెద్దమనిషి ఏ గ్లాసు రెండోసారి అడిగాడో అది పది సీసాలు, ఏది కుండీలో ఒంపబోయాడో అది రెండు సీసాలు తగ్గించండి. ఫలితం ఇక్కడే రాయండి, మిగతా లెక్క దాన్నిబట్టి మారుద్దాం.